మామయ్య కొట్టిన ఖాళీలు

కోదాడలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో నా కంప్యూటర్ ముందు కొత్తవాళ్ళెవరు కూర్చున్నా నిమిషం తిరక్కుండానే ఒక మాట అడుగుతారు. "మేడం, దీన్నిండా ఈ చుక్కలేంటండీ?" మాటకీ మాటకీ మధ్య ఒక చుక్క, పేరా ముగిసిన ప్రతిచోటా తిరగేసిన పి అక్షరంలాంటి ఒక గుర్తు, అక్కడక్కడ కుడివైపు చూసే సన్నటి బాణాలు. ముగ్గుకు చుక్కలు పెట్టి గీతలు గీయడం మరిచిపోయినట్టు ఉంటుంది నా తెర. కొందరు నాకు తెలియదేమోనని జాలిపడి, పైన ఉన్న బటన్ నొక్కి వాటిని తీసేస్తారు కూడా. వాళ్ళు లేచి వెళ్ళగానే నేను మళ్ళీ తెచ్చుకుంటాను. చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

నిజానికి వాటిలో పెద్ద విద్యేమీ లేదు. స్పేస్ బార్ ఒకసారి నొక్కితే ఒక చుక్క. ఎంటర్ నొక్కితే తిరగేసిన పి. టాబ్ నొక్కితే బాణం. కాగితం మీద వీటిలో ఒక్కటీ పడదు. మనం ఏమేం నొక్కామో మనకే చూపించడానికి అవి ఉన్నాయి, అంతే. కానీ అలవాటు పడితే వాటిలో మనుషులు కనిపిస్తారు. తేదీని కుడిపక్కకు జరపడానికి ముప్పై చుక్కలు వరసగా పరిచాడంటే అతను టైపు మిషను మీద నేర్చుకున్నవాడు. కొత్త పేజీ కోసం ఎంటర్ మీద వేలు ఆనించి కూర్చున్నాడంటే ఈ మధ్యే నేర్చినవాడు, తొందర మనిషి. ఒకసారి ఒక పెద్దమనిషి తానే రాశానని ఉపన్యాసం ఒకటి నా దగ్గరికి పంపించాడు. సగం దాకా చుక్కలు, అక్కణ్ణుంచి బాణాలు. ఇద్దరు రాశారని నాకు తెలిసిపోయింది, నేను మాత్రం బాగుందని ఊరుకున్నాను. ఈ విద్య నాకు ఏ కోర్సులోనూ రాలేదు. వచ్చిన దారి చెప్పుకోవాలంటే సిగ్గు, అందుకే ఇన్నేళ్ళూ చెప్పుకోలేదు.

పోయిన నెల సూర్యాపేట నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ తమ్ముడు యాదగిరి మామయ్య భార్య ఆమె. మామయ్య పోయి రెండేళ్ళయింది. వాళ్ళు ముప్పై ఏళ్ళుగా కిరాయికి ఉన్న ఇంటిని యజమాని కూలగొట్టి కొత్తగా కట్టుకుంటాడట, ఖాళీ చెయ్యాలి. అదే వీధి చివర రెండు గదులు దొరికాయి, సామాను కొంచెం సర్ది పొమ్మని అడిగింది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఇప్పుడు కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సు హైవే మీద జారిపోయినట్టు పోతుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ రోడ్డు ఊరి నడుమ నుంచే పోయేది. లారీ పోయినప్పుడల్లా మామయ్య ఇంట్లో అలమారలోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగేవి, ఆ మోతకు మేము అలవాటుపడి, మోగకపోతే తలెత్తి చూసేవాళ్ళం.

మా ఊరు మోతె. డిగ్రీ చదవడానికి నన్ను మామయ్య ఇంట్లో పెట్టారు. రెండు గదులూ, ముందు ఒక పెద్ద వరండా. ఆ వరండాయే టైపు ఇన్‌స్టిట్యూట్. ఎనిమిది మిషన్లు, ఎనిమిది స్టూళ్ళు, గోడకు ఒక గడియారం. పొద్దున ఆరింటికి మొదటి బ్యాచి వచ్చేది. నేను కళ్ళు తెరిచేసరికి ఏ, ఎస్, డి, ఎఫ్ మోగుతూ ఉండేవి, వాటి సందున అత్తమ్మ వంటింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు కలిసేది. ఏది రొట్టె చప్పుడో ఏది మిషను చప్పుడో పడుకున్నచోటి నుంచే చెప్పగలిగేదాన్ని. రొట్టె కాలే వాసన, ఉల్లికారం వాసన, రిబ్బన్ సిరా వాసన అన్నీ కలిసి ఆ ఇంటికొక వాసన ఉండేది. నా చున్నీలకూ, పుస్తకాలకూ అదే. క్లాసులో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు ఎగబీల్చి, మీ ఇంట్లో ప్రెస్సు ఉందా అని అడిగింది ఒకసారి.

మామయ్యను ఊళ్ళో అందరూ టైపు సార్ అనేవారు. సన్నటి మనిషి, తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. శనివారం సాయంత్రం బ్యాచీలు అయిపోయాక ఎనిమిది మిషన్లనూ వరసగా పెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో అచ్చులన్నీ కిరసనాయిలు పెట్టి తోమేవాడు. ఓ, ఈ లాంటి ఇంగ్లీషు అక్షరాల పొట్టల్లో మురికి చేరుతుందని, గుండుసూదితో దాన్ని లాగేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతి వేళ్ళు పీట మీద ఆడుతూనే ఉండేవి. ఎవరైనా మాట్లాడుతుంటే ఆ మాటల్నే కొడుతున్నాడని అత్తమ్మ ఎగతాళి చేసేది. నిజమే కొట్టేవాడు. ఆయన దగ్గర చేరిన ప్రతి పిల్లకూ పిల్లగాడికీ మొదటిరోజే చెప్పేది ఒకటే: కాగితం దిక్కు చూడు, చేతుల దిక్కు చూడకు, వేళ్ళను నమ్ము. ఎవరైనా కిందికి చూస్తే మీటల మీద రుమాలు కప్పేవాడు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఖాళీ అంటే మనకు ఏమీ లేనిచోటు. మామయ్యకు అలా కాదు. శీర్షిక నడిమికి రావాలంటే అక్షరాలన్నీ లెక్కబెట్టి, వరసలో పట్టే మొత్తంలోంచి తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, అన్ని ఖాళీలు కొట్టేవాడు. కొట్టేవాడు అనే నేను అంటున్నాను, ఎందుకంటే ఆయనే అలా అనేవాడు. "పన్నెండు ఖాళీలు కొట్టు" అనేవాడు పిల్లలతో. పెదాలు కదుపుతూ బొటనవేలితో కొడుతూ పోయేవాడు. ఆ లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. కోర్టు కాగితాలైనా, పెళ్ళి సంబంధాలకు రాసే బయోడేటాలైనా ఆయన కొట్టిన కాగితాన్ని ఎత్తి వెలుగులో పెడితే వరసలు దారం పట్టి చూసినట్టు ఉండేవి.

నేను డిగ్రీ రెండో ఏడులో ఉండగా బ్యాచీలు పలచబడ్డాయి. ఎనిమిది స్టూళ్ళలో మూడు నిండడం గగనమైంది. పిల్లలంతా మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్ దిక్కు పోయారు. నేనూ పోయాను. మూడు నెలల కోర్సు చేసి, అక్కడే పూటకు ఇన్ని పేజీలని టైపు చేసే పనిలో చేరాను. ఆ సెంటర్ నడిపే శేఖర్ కోదాడ మనిషి, నవ్వుతూ మాట్లాడతాడు, పనిమంతుడు. మామయ్య వేగం గురించి ఎక్కడో విని, తీసుకురమ్మన్నాడు. మామయ్య వారం రోజులు ఔననలేదు, కాదనలేదు. ఎనిమిదో రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని నా వెంట బయల్దేరాడు. దారిలో ఒక మాటన్నాడు. "నువ్వు నాకు సారువన్నట్టు ఇగ." నాకు ఆ పూటంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొదట ఎర్రగీతలతో పేచీ వచ్చింది. తన పేరు కొట్టగానే కింద మెలికలు తిరిగిన ఎర్రగీత పడింది. చెరిపి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పడింది. మోతె కొడితే ఎర్రగీత, తుంగతుర్తి కొడితే ఎర్రగీత, కోదాడ కొడితే ఎర్రగీత. జన్మలో ఎవరితోనూ ఎర్రసిరా పెట్టించుకోని మనిషి, మొహం చిన్నబోయింది. ఇది ఇంగ్లీషు మాటలే నేర్చుకుని వచ్చింది మామా, మన ఊళ్ళు దీనికి తెల్వయి అని చెప్పాను. కాసేపు ఆలోచించి, దానికి తెల్వకపోతే మనకేంది అని నవ్వి పని చేసుకున్నాడు. అలా ఆయన అడిగితే నేను చెప్పినన్నాళ్ళు అన్నీ బాగానే నడిచాయి.

మిర్యాలగూడలో ఒక బడి పాత విద్యార్థులందరూ కలవబోతూ, అందరి పేర్లూ, చిరునామాలూ ఒక పుస్తకంగా వేయాలనుకున్నారు. చేతిరాతలో నాలుగు వందల చిరునామాలు మా సెంటర్‌కు వచ్చాయి. శేఖర్ ఆ పని మామయ్యకు ఇచ్చాడు. సోమవారానికల్లా బాగా చేసి ఇస్తే నెల జీతం మీద పెట్టుకుంటానన్నాడు. చెప్పి, మేనకోడలి పెళ్ళికని నాలుగు రోజులు కోదాడ వెళ్ళాడు. యాభై దాటిన మనిషికి, ఎనిమిది మిషన్లలో ఐదు అప్పటికే అమ్ముకున్న మనిషికి, ఆ మాట ఎంతటిదో నాకు తెలుసు. అత్తమ్మ ఆ వారం సల్లలో కాస్త ఎక్కువ మీగడే వదిలేది, మీ మామకు కండ్లకు చలవ అని.

గురువారం మధ్యాహ్నానికి పని దాదాపు అయిపోవచ్చింది. మామయ్య అన్నానికి ఇంటికి వెళ్ళాడు. ఆయన వచ్చేలోపు కొన్ని చిరునామాలు కొట్టిపెడదామని ఆయన కుర్చీలో కూర్చున్నాను. ప్రేమతోనే కూర్చున్నాను, ఆ మాట ఇప్పటికీ చెప్పగలను. ఓ ఎనిమిది కొట్టాను. పేరుకూ ఊరుకూ మధ్య ఆయన ఖాళీలు లెక్కపెట్టి కొడితే, నేను కోర్సులో నేర్పినట్టు టాబ్ కొట్టాను. ఏదో సరిచేయబోయి పైన మౌసుతో ఎక్కడో నొక్కాను. అంతే, తెరంతా చుక్కలు లేచాయి. ప్రతి వరస చివరా ఆ తిరగేసిన పి, పొట్ట నల్లగా, రెండు కాళ్ళతో నిలబడి ఉంది. మూడు నెలల కోర్సులో వాటి ముచ్చట ఎవరూ చెప్పలేదు. ఆ రోజుల్లో అందరి నోట్లో ఒకటే మాట, వైరస్. అదే అనుకున్నాను. తోచిన చోటల్లా నొక్కాను, పోలేదు. మెట్ల మీద మామయ్య చెప్పుల చప్పుడు వినిపించింది. లేచి పక్క బల్ల మీద నా నోట్సు తెరిచి కూర్చున్నాను.

ఆయన కూర్చుని చాలాసేపు తెర దిక్కు చూశాడు. ఇదేంది బిడ్డా అని అడిగాడు. నేను తల కూడా ఎత్తలేదు.

"ఏమో మామా. నువ్వేదో నొక్కినవ్."

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. నేను అన్నానికి పోయేటప్పుడు ఇవి లేవు కదా అని మామయ్య అనలేదు. నేను కంప్యూటర్ చదివినదాన్ని, ఆయన చదవనివాడు, కాబట్టి నా మాటే నిజమై ఉంటుందనుకున్నాడు. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, తెర మీద ఉన్నది ఉన్నట్టుగా, చుక్కకు చుక్క, గుర్తుకు గుర్తు, ఒక పేజీ పెన్నుతో దించుకున్నాడు. ఎందుకు మామా అంటే, "డాక్టరుకు సూపియ్యాలంటే రోగం ఎట్లున్నదో రాస్కపోవద్దా" అన్నాడు. కంప్యూటర్ ఆపి, దాని మీద గుడ్డ కప్పాడు.

ప్రింటు తీసి చూద్దామన్న ఆలోచన భయంలో నాకు రాలేదు, ఆయనకూ రాలేదు. వచ్చే వీలు లేదు. ఆయన వృత్తిలో కంటికి కనిపించిందల్లా కాగితం మీద ఉన్నట్టే. నాలుగు వందల మంది పెద్దమనుషుల పేర్ల మధ్య చుక్కలూ, కాళ్ళ గుర్తులూ అచ్చు పడతాయన్నదే ఆయన భయం. పని పాడుచేశానని శేఖర్‌కు కబురు పెట్టడానికి మనసొప్పలేదు. సోమవారానికి ఇస్తామన్న మాట తప్పడానికి అంతకన్నా ఒప్పలేదు. శుక్రవారం పొద్దున వరండాలో తన సొంత మిషనుకు కొత్త రిబ్బన్ ఎక్కించి, కార్బన్ పెట్టి, నన్ను పక్కన కూర్చోమన్నాడు. నేను చదవాలి, ఆయన కొట్టాలి. మొత్తం నాలుగు వందలూ, మొదటి నుంచి.

మూడు రోజులు పట్టింది. ఆ రోజుల్లో కాలేజీకి పోలేదు. ఒక్కొక్క చిరునామా చదివేదాన్ని. ఆయన కొట్టేవాడు, గంట మోగేది, క్యారేజీని తోసేవాడు. చిరునామా అయిపోగానే, డిక్టేషన్ తీసుకునేవాళ్ళు అడిగినట్టు, "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అనేవాడు. నేను లేదు అనేదాన్ని. మరొకటి మొదలయ్యేది. నాలుగు వందలసార్లు ఆయన అడిగాడు. నాలుగు వందలసార్లు నేను లేదన్నాను. నొక్కింది నేనేనన్న మాట ప్రతిసారీ పక్కకు నెట్టి, తర్వాతి చిరునామా చదివేదాన్ని. మధ్యమధ్యలో అత్తమ్మ వచ్చి పచ్చిపులుసు కలిపిన అన్నం గిన్నె నా చేతికిచ్చి, పాపం పిల్ల కూడా నీ వెంట కష్టపడుతుంది చూడు అని ఆయనతో అనేది. ఆ అన్నం తిన్నాను.

సోమవారం పొద్దున మామయ్య ఆ కాగితాలు అట్టల మధ్య పెట్టి కట్టుకుని, మిర్యాలగూడ బస్సెక్కాడు. నేను సెంటర్‌కు వెళ్ళాను. పదకొండింటికి ఫోన్ మోగింది. ఆ బడి రిటైర్డ్ హెడ్మాస్టరు గారట. శేఖర్ అప్పుడే కోదాడ నుంచి వచ్చాడు. అవతలాయన ఏమన్నాడో శేఖర్ జవాబుల్ని బట్టి తెలుస్తూనే ఉంది. కాగితాలు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్క తప్పు లేదు, కానీ ప్రెస్సువాళ్ళు ఫ్లాపీ అడుగుతున్నారు, మీ మనిషేమో కంప్యూటర్ పాడైందంటున్నాడు. శేఖర్ ఫోన్ పెట్టేసి ఫైలు తెరిచాడు. ఒక్క క్షణం చూశాడు. పైన ఒకచోట నొక్కాడు. చుక్కలు పోయాయి. ప్రింటు తీశాడు, ఒక్క చుక్క లేకుండా శుభ్రంగా వచ్చింది. ఇంతలో నలుగురు కస్టమర్లు చేరారు. శేఖర్ పడీపడీ నవ్వి, వాళ్ళకు మళ్ళీ తెచ్చి చూపించాడు, మళ్ళీ తీసేశాడు.

సాయంత్రం మామయ్య వచ్చాడు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊక బూడిద చొక్కా భుజాల మీద పడి ఉంది. శేఖర్ చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కుర్చీ వేసి, మంచినీళ్ళు తెప్పించి, అందరి ముందూ ఆ బటన్ నొక్కి చూపించాడు. రావడం, పోవడం. రావడం, పోవడం.

"వైరస్సూ లేదు, పాడూ లేదండీ మాస్టారూ. మీ చెయ్యి ఎక్కడో తగిలి ఉంటదండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామయ్య నా దిక్కు చూశాడు. కోపంగా కాదు, అడిగినట్టు చూశాడు. నేను నవ్వాను. అందరితోపాటు నేనూ నవ్వాను. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

"తగిలిందేమో" అన్నాడు మామయ్య. నీళ్ళు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. శేఖర్ రెండుసార్లు మనిషిని పంపించాడు. కండ్లు సరిగ్గా కనబడటం లేదని మామయ్య చెప్పించాడు. ఆ తర్వాత తహసీల్దారు ఆఫీసు ముందు గొడుగు కింద మిషను పెట్టుకుని అర్జీలు కొట్టేవాడు. ఆ వయసులో కంప్యూటర్ నేర్చుకుని నిలదొక్కుకున్నవాళ్ళు ఉన్నారు. మామయ్య వాళ్ళందరికన్నా చేయి తిరిగినవాడు. రెండు నెలల తర్వాత ఒకరోజు నేను కాలేజీ నుంచి వస్తూ ఆయన్ను దూరం నుంచి చూశాను. ఎవరో రైతు పక్కన గొంతు కూర్చుని చెబుతున్నాడు, మామయ్య కొడుతున్నాడు. మెడ వంచి, మీటల దిక్కు చూస్తూ, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతున్నాడు. పిల్లలు కిందికి చూస్తే మీటల మీద రుమాలు కప్పిన మనిషి. నేను ఆ దారిన పోలేక వెనక్కి తిరిగి, చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళాను.

ఒక ఏడాది అలా చూస్తూనే కొట్టాడు. తర్వాతెప్పుడో మళ్ళీ తలెత్తి కొట్టడం మొదలుపెట్టాడు. కాలమే మాన్పిందిలే అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చింది, కోదాడలో పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఏడాదికి నాలుగైదుసార్లయినా సూర్యాపేట వెళ్ళేదాన్ని. తిరిగి బయల్దేరేటప్పుడు మామయ్య గేటు దాకా వచ్చేవాడు. వచ్చి ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" డిక్టేషన్ మనిషి, నాలుకకు అలవాటైపోయింది అనుకునేదాన్ని. ఏం లేదు మామా, పోయొస్తా అనేదాన్ని. చివరిసారి దవాఖానలో కూడా, మంచం పట్టె మీద ఎడమచేతి వేళ్ళు ఆడిస్తూ అదే అడిగాడు. ఏం లేదు, నువ్వు రెస్టు తీస్కో అన్నాను.

పోయిన నెల అటక మీద నుంచి ఆ మిషను దించాం. రెక్సిన్ తొడుగు తీస్తే, దాని అడుగున అట్టల మధ్య ఒక కట్ట ఉంది. నాలుగు వందల చిరునామాల కార్బన్ కాపీ. సిరా వెలిసి నీలం బూడిదరంగుకు తిరిగింది, వరసలు మాత్రం దారం పట్టినట్టే ఉన్నాయి. అన్నిటికన్నా కింద ఆ పేజీ, తెర చూసి పెన్నుతో దించుకున్నది. దాని మీద తర్వాతెప్పుడో ఎర్ర పెన్సిలుతో పని చేసి ఉంది. ప్రతి చుక్క మీదా టిక్కు. పక్కన మామయ్య చేతిరాత: "చుక్క అంటే ఖాళీ. నేను కొట్టినవి పన్నెండు. ఉన్నవి పన్నెండు." కాళ్ళ గుర్తు పక్కన: "వరస అయిపోయింది. ఇదీ నేను కొట్టిందే, తప్పు కాదు." పేజీ చివర ఎనిమిది వరసల్లో చుక్కలకు బదులు బాణాలు ఉన్నాయి. వాటి పక్కన ఒక నిలువుగీత, గీత పక్కన: "ఇవి నావి కావు. పిల్ల కొట్టింది, నేను అన్నానికి పోయినప్పుడు." దాని కింద ఇంకేమీ రాయలేదు.

కాగితం పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయాను. అత్తమ్మ గిన్నెలు సంచిలో పెడుతూ నా దిక్కు చూసింది. ఆమెకు అదేమిటో తెలుసు. చేతిపని ఆపకుండానే చెప్పింది. సెంటర్ మానేసిన ఏడాదికి మామయ్య, తన దగ్గర టైపు నేర్చుకుని కోదాడలో ఉంటున్న ఒక పాత శిష్యుడి దగ్గరికి వెళ్ళి, ఒక గంట కంప్యూటర్ ముందు కూర్చుంటానని అడిగాడట. ఖాళీ కొట్టి చూసుకున్నాడట, ఎంటర్ కొట్టి చూసుకున్నాడట, టాబ్ అంటే ఏమిటో అడిగి తెలుసుకున్నాడట. ఇంటికొచ్చి ఈ కాగితం తీసి టిక్కులు పెట్టుకుని, నా చెయ్యి తప్పలేదే అని చిన్నపిల్లగాడిలా రెండుసార్లు అన్నాడట. మళ్ళీ తలెత్తి కొట్టింది ఆ మర్నాటి నుంచే. కాలం మాన్పిందనుకున్నాను నేను. ఆయన బస్సు కిరాయి పెట్టుకుని పోయి, తన వేళ్ళ మీద పడ్డ మచ్చను తానే తుడుచుకొచ్చాడు. వేసింది నేను.

మరి సెంటర్‌కు మళ్ళీ పోవచ్చు కదా అత్తమ్మా అన్నాను. పోతే నీ పేరు చెప్పాలి కదా అంది. మరి ఎవరు నొక్కారని శేఖర్ అడిగితే నేనేమని చెప్పాలి, ఆ నలుగురి ముందు పిల్ల చిన్నబోతుంది అన్నాడట మామయ్య. ఆమెకు ఆగక, ఇంటికొచ్చినప్పుడైనా నన్ను కడిగేస్తానందట. మామయ్య ఒద్దన్నాడట.

"నువ్వేం అనకు, అదే చెప్తది అన్నడు బిడ్డా. నువ్వు వచ్చి పోయినప్పుడల్లా అడిగేటోడు గద, ఇంకేమన్న ఉన్నదా అని."

నేను ఆ గేటు దగ్గరి సాయంత్రాలన్నీ వెనక్కి తోడుకున్నాను. మామయ్య ఆ మాట మా అక్కను అడగడం నేను ఎప్పుడైనా విన్నానా, పెళ్ళిళ్ళై దూరం వెళ్ళిన వాళ్ళ సొంత బిడ్డల్ని అడగడం విన్నానా అని. ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. అలవాటు కాదది. ఇరవై ఏళ్ళకు పైగా, నన్ను ఒక్కదాన్నే, నాకోసం ఒక ఖాళీ కొట్టి ఆగేవాడు. ఏ కాగితంలోనైనా, ఎవరు ఎక్కడ ఎన్ని ఖాళీలు కొట్టారో చూసి చెప్పగలనని గర్వపడే నేను, దాన్ని చూడలేదు. ఇప్పుడు ఒక్క బటన్‌తో అన్నీ కనబడతాయి, ఒక్క బటన్‌తో అన్నీ పోతాయి. నేను నొక్కిన అప్పటి మీట మాత్రం ఎంత నొక్కినా వెనక్కి రాదు.

కాగితాన్ని మడతల మీదే మళ్ళీ మడిచాను. అత్తమ్మ టైపు మిషను తొడుగు దులిపి, కొసకు కొస కలిపి మడత పెడుతోంది.

"నొక్కింది నేనే అత్తమ్మా" అన్నాను.

"ఎరుకే బిడ్డా" అంది అత్తమ్మ. తొడుగు సంచిలో పెట్టి, దాని మూతి కట్టింది. "నాకు చెప్తే ఏమొస్తది?"